పాత పడవ ఇంజను: బోరు చేయించడమా, మార్చడమా?

తెరచాప పడవకు ఇంజనెందుకు అన్న ప్రశ్నకు జవాబు సులభం. గాలి పడిపోతే కదలడానికి, రేవు లోపల ఇరుకులో పడవను తిప్పుకోవడానికి, పోటుకు ఎదురెళ్లి ఏటిమొగ దాటడానికి, బ్యాటరీలు నింపుకోవడానికి. 2017–18లో విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య సహా ఆరుగురు నౌకాదళ మహిళలు తెరచాపల మీద భూగోళాన్ని చుట్టివచ్చిన ఐఎన్ఎస్‌వీ తారిణిలోనూ ఇంజను ఉంది.

అసలు కష్టమైన ప్రశ్న ఆ తర్వాతది. పడవకు నలభై, యాభై ఏళ్లు వచ్చాయి. ఒళ్లు గట్టిగానే ఉంది. కడుపులోని డీజిల్ ఇంజను మాత్రం పొద్దున్నే అందుకోనని మొరాయిస్తోంది, నీలం పొగ వదులుతోంది, ఆయిలు తాగుతోంది. దించి బోరు చేయించాలా? తీసేసి కొత్త డీజిల్ పెట్టాలా? ఎలాగూ దించుతున్నాం కదా అని కరెంటు మోటారుకు మారిపోవాలా?

అమెరికా, బ్రిటన్, స్కాండినేవియా రేవుల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న ఈ వాదన ఇప్పుడు బాగా చిక్కుపడింది. ఉప్పునీటితో చల్లబడే ఇంజను గురించి ఒకరు అడిగితే, మంచినీటి ఇంజను అనుభవంతో మరొకరు జవాబిస్తారు. ఒకరు సముద్రాలు దాటేవారు, ఇంకొకరు ఆదివారం సాయంత్రం ఒక చుట్టు చుట్టివచ్చేవారు. 'రీబిల్డ్' అన్న ఒక్క మాటకే ఒకరి దృష్టిలో హెడ్డు గ్యాస్కెట్ మార్చడమని, మరొకరి దృష్టిలో క్రాంకు షాఫ్టు దాకా విప్పడమని అర్థం. చిక్కుముడి ఎక్కడ పడిందో చూస్తే గానీ విప్పడం కుదరదు.

ఒళ్లు మిగిలింది, ఇంజను అరిగింది

కొయ్య పడవల కాలంలో పడవ, ఇంజను ఇంచుమించు కలిసే ముసలివయ్యేవి. ఫైబర్‌గ్లాస్ వచ్చాక లెక్క మారింది. 1959లో న్యూయార్క్ బోట్ షోలో పియర్సన్ ట్రైటన్ అనే 28 అడుగుల పడవను ప్రదర్శించారు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో అలాంటి పడవలు వేల సంఖ్యలో అచ్చుల్లోంచి దిగాయి. ఫైబర్‌గ్లాస్ చెదపట్టదు, కుళ్లదు. కాబట్టి వాటిలో చాలా భాగం ఇప్పటికీ నీళ్లలోనే ఉన్నాయి. ఒక పడవ జీవితకాలంలో రెండు మూడు ఇంజన్లు మారవలసిన పరిస్థితి అలా వచ్చింది.

ఆ తొలి పడవల్లో చాలావాటికి పెట్రోలు ఇంజన్లే. అమెరికాలో యూనివర్సల్ కంపెనీ 1947 నుంచి 1980ల మధ్య దాకా చేసిన అటామిక్-4 దాదాపు 40 వేల పడవల్లోకి ఎక్కింది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పడవ అడుగున చేరి, చిన్న నిప్పురవ్వకే పేలిపోతుంది. ఆ భయమే 1970లలో చిన్న డీజిల్ ఇంజన్లకు దారి తెరిచింది. జపాన్ నుంచి యన్మార్, స్వీడన్ నుంచి వోల్వో పెంటా, డెన్మార్క్ నుంచి బుఖ్, బ్రిటన్ నుంచి పెర్కిన్స్ వచ్చాయి.

వీటిని రెండు వంశాలుగా చూస్తే తర్వాతి వాదన తేలిగ్గా అర్థమవుతుంది. ఒకటి నీటి కోసమే పుట్టిన వంశం: యన్మార్ జీఎం సిరీస్, వోల్వో ఎండీ సిరీస్, బుఖ్. రెండోది నేల మీద పుట్టి, పంపులూ కూలర్లూ తగిలించుకుని పడవెక్కిన వంశం. 1.76 లీటర్ల పెర్కిన్స్ 4-108 పడవల్లోనే కాక వ్యాన్లలో, ఫోర్క్‌లిఫ్టుల్లో కూడా తిరిగింది. యూనివర్సల్, బీటా, నాన్నీ పేర్లతో అమ్ముడైన చాలా ఇంజన్ల లోపల ఉన్నది కుబోటా. తెలుగు రైతుకు ఈ పేర్లు కొత్త కావు. పెర్కిన్స్ లైసెన్సుతో మద్రాసు సింప్సన్ చేసిన ఇంజన్లు మన ట్రాక్టర్లలో దున్నాయి, కుబోటా యంత్రాలు మన మళ్లలో వరి నాట్లు వేస్తున్నాయి. నేల మీద చుట్టాలున్న ఇంజనుకు పిస్టన్లు, రింగులు దొరకడం తేలిక. నీటిమీదే పుట్టినదానికి కంపెనీయే దిక్కు.

మూడో మలుపు ప్రభుత్వ నిబంధనలతో వచ్చింది. అమెరికాలో పర్యావరణ సంస్థ, యూరపులో విహార పడవల ఆదేశం 2000 తర్వాత కొత్త ఇంజన్ల పొగకు హద్దులు బిగించాయి. ఆ దశాబ్దం మధ్యకు జీఎం లాంటి పేరున్న సిరీస్‌లు ఉత్పత్తి నుంచి తప్పుకున్నాయి. పెర్కిన్స్ 4-108 అంతకుముందే, 1990ల తొలి ఏళ్లలో ఆగిపోయింది. పాత ఇంజను వాడుకోవద్దని ఎవరూ అనలేదు. అదే ఇంజను మళ్లీ కొత్తగా కొనుక్కునే దారి మాత్రం మూసుకుపోయింది.

ఇంజన్లు దేనివల్ల పోతాయి?

లారీ ఇంజను తిరిగి తిరిగి అరుగుతుంది. తెరచాప పడవ ఇంజను తిరగక చెడుతుంది. ఏడాదికి నూరు గంటలు కూడా నడవని ఇంజన్లు కోకొల్లలు. వాదించే పక్షాలన్నీ ఒప్పుకునే మాట ఇది. అయినా నిర్ణయం తీసుకునే వేళకు అందరూ మరిచిపోయేదీ ఇదే.

పడవ ఇంజను పొగగొట్టం నేల మీది సైలెన్సరు లాంటిది కాదు. వేడి పొగలోకి సముద్రపు నీటిని చిమ్మి, చల్లార్చి, రెండింటినీ కలిపి వెనక నుంచి బయటికి తోస్తారు. ఆ కలిసే చోట ఇనుప మోచేయి లాంటి వంపు గొట్టం ఉంటుంది. ఒకవైపు మసి, మరోవైపు ఉప్పు దాన్ని లోపల్నుంచి తినేస్తాయి. కొన్నేళ్లకు దారి వేలి సందంత అవుతుంది. పొగ బయటికి పోలేక ఇంజను ఊపిరాడని మనిషిలా ఉక్కిరిబిక్కిరవుతుంది, నల్లగా పొగ వదులుతుంది. గొట్టం చిల్లిపడితే నీళ్లు వెనక్కి మళ్లి సిలిండరులో దిగుతాయి.

ఇంకో రకంగానూ నీళ్లు దిగుతాయి. ఇంజను అందుకోవడం లేదని, సముద్రపు నీటి వాల్వు తెరిచే ఉంచి, సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. పంపు తిరిగిన ప్రతిసారీ నీళ్లు లోపలికొస్తాయి. వాటిని బయటికి తోసే పొగ మాత్రం ఉండదు. పొగగొట్టం మధ్యలో ఉన్న తొట్టి నిండి, నీళ్లు ఎగ్జాస్టు వాల్వు గుండా సిలిండరులోకి పోతాయి. నీళ్లు గాలిలా నలగవు. పిస్టను పైకొచ్చి వాటికి గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. చక్కగా ఉన్న ఇంజన్లు ఇలా అయిదు నిమిషాల్లో పాడైన సందర్భాలు రేవు రేవుకూ ఉన్నాయి.

తక్కువ భారంతో నడపడం మూడో కారణం. లంగరు వేసి, బ్యాటరీల కోసం ఇంజనును గంటల తరబడి ఐడ్లింగులో ఉంచుతారు. వేడెక్కని సిలిండరులో రింగులు గోడకు గట్టిగా ఆనవు. గోడ మీద అద్దంలాంటి నునుపు పొర కడుతుంది. దాని మీద ఆయిలు నిలవదు, పైకి పోయి కాలిపోతుంది. ఇలా ఆయిలు తాగే ఇంజను లోహం అరిగినట్టే కనిపిస్తుంది. కొలిస్తే అరుగుదల పెద్దగా ఉండదు.

నాలుగోది ఉప్పు. పాత చిన్న ఇంజన్లు చాలావాటిలో సముద్రపు నీరే నేరుగా బ్లాకులో తిరుగుతుంది. వేడి పెరిగితే ఉప్పు పేరుకుంటుంది కాబట్టి వాటిని చల్లగా నడపాలి. యన్మార్ జీఎం ఉప్పునీటి రకంలో థర్మోస్టాట్ 42 డిగ్రీలకే తెరుచుకోవడం మొదలుపెట్టి 52కి పూర్తిగా తెరుచుకుంటుంది. ఇనుము తినకుండా జింకు కడ్డీలు పెడతారు. అవి కరిగిపోయినా ఎవరూ మార్చకపోతే ఉప్పు బ్లాకు మీద పడుతుంది. హీట్ ఎక్స్ఛేంజరు ఉన్న ఇంజన్లలో బ్లాకులో మంచినీరే తిరుగుతుంది, తుప్పు బాధ కూలరుతో ఆగుతుంది. వాదనలో సగం గందరగోళం ఈ రెండు రకాలను ఒక గాటన కట్టడం వల్ల వచ్చిందే.

తెరవకముందు కొలత

పొగ రంగు తొలి లక్షణం. నలుపంటే గాలి చాలడం లేదు లేదా భారం ఎక్కువైంది. పడవ అడుగున నత్తగుల్లలు పట్టినా ఇదే పొగ. నీలమంటే ఆయిలు. తెలుపంటే కాలని డీజిలు లేదా నీటి ఆవిరి. రంగు చూసి రోగం ఊహించవచ్చు గానీ, మందు రాయకూడదు.

తర్వాత కంప్రెషన్ కొలత. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని నొక్కగా పుట్టే వేడే మంట. చిన్న పడవ ఇంజన్లలో ఆ ఒత్తిడి సాధారణంగా 25–30 బార్ల దగ్గర ఉండాలి. అన్ని సిలిండర్లలో సమంగా తగ్గితే ఒక కథ, ఒక్కదానిలోనే పడిపోతే ఇంకో కథ. ఎక్కడ కారుతోందో చెప్పే పరీక్ష ఇంకా తేలిక. పిస్టనును పైకి తెచ్చి నాజిల్ రంధ్రం గుండా గాలి కొట్టి, చెవి పెట్టి వినాలి. ఆయిలు డిప్‌స్టిక్ దగ్గర బుస వినిపిస్తే రింగులు. గాలి లోపలికొచ్చే దారిలో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు. పొగగొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు. ఇంజనును చల్లబరిచే మంచినీటి ట్యాంకులో బుడగలొస్తే హెడ్డు గ్యాస్కెట్. ఈ నాలుగింటిలో ఒక్క మొదటిదానికే ఇంజను దించే అవసరం రావచ్చు.

నాజిళ్లను బెంచి మీద పెట్టి ఎంత ఒత్తిడికి తెరుచుకుంటున్నాయో చూడాలి. జీఎం సిరీస్‌కు అది సుమారు 170 బార్లు. ఆయిలు నమూనాను ల్యాబుకు పంపితే సోడియం కనిపించడం ఉప్పునీటి అనుమానం, సీసం, రాగి, తగరం కనిపించడం బేరింగుల అరుగుదల. డీజిల్ లైనులో గాలి పట్టిందేమో, ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడటం వీటన్నిటికంటే ముందు పని. పొలంలో ఆయిలింజను ఆగితే మన రైతు మొదట చేసే పని ఎయిర్ తీయడమే. రేవుల్లో మాత్రం ఆ పని చేయకుండానే 'ఇంజను పోయింది' అన్న తీర్పులు చాలా వస్తాయి.

ఈ రోగనిర్ణయానికి ఇంత ప్రాధాన్యం రావడంలో పడవ యంత్రాల రచయిత నైజెల్ కాల్డర్ పాత్ర పెద్దది. సముద్రపు డీజిల్ ఇంజన్లపై 1980ల చివర్లో వచ్చిన ఆయన పుస్తకం, లక్షణం నుంచి కారణానికి మెట్టు మెట్టుగా వెళ్లే అలవాటును సామాన్య యజమానులకు నేర్పింది. ఎవరు ఏ పక్షాన ఉన్నా, ఈ దశ వరకు పెద్ద తగాదా లేదు. తగాదా కొలతలు వచ్చాక మొదలవుతుంది.

మొదటి పక్షం: ఉన్నదాన్ని బాగుచేద్దాం

వీరి వాదన మూడు కాళ్ల మీద నిలబడుతుంది. పాత ఇంజను ఆ పడవకు అచ్చంగా సరిపోయింది: దాని బెడ్డు, షాఫ్టు ఎత్తు, పొగగొట్టం, ప్రొపెల్లరు ఏవీ మార్చనక్కర్లేదు. అందులో ఎలక్ట్రానిక్స్ లేవు: డీజిలు శుభ్రంగా, గాలి ధారాళంగా అందితే నడుస్తుంది, నడిసముద్రంలో చేతి పనిముట్లతో బాగుపడుతుంది. విప్పి బిగించిన యజమానికి తన యంత్రం తెలుస్తుంది: తర్వాతి మొరాయింపు అతన్ని భయపెట్టదు.

పని తీరు మన బోరింగ్ షాపు చూసినవారికి తెలిసిందే. సిలిండరును పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో కొలుస్తారు. ఎంత కోలగా అరిగింది, ఎంత ఏటవాలుగా అరిగింది తేలుతుంది. హద్దు దాటితే బోరు చేసి పావు లేదా అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేస్తారు, లేదా స్లీవు మారుస్తారు. పెర్కిన్స్ 4-107లో స్లీవు చుట్టూ నీరుంటుంది, దాని తమ్ముడు 4-108లో స్లీవు బ్లాకులో పొడిగా దిగి ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ రెండింటికీ పని వేరు, సామాను వేరు. గోడ మీద హోనింగు రాయితో అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు. ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే. వాల్వులు గ్రైండు చేస్తారు, హెడ్డు చదును చూస్తారు, క్రాంకు జర్నళ్లు కొలిచి సరైన బేరింగులు వేస్తారు.

ఈ పక్షంలోనే రెండు అంతర్గత తగాదాలున్నాయి. మొదటిది, హెడ్డు వరకు చాలా, మొత్తం విప్పాలా? పైన కంప్రెషన్ పెరిగితే కింది పాత బేరింగుల మీద భారం పడి అవి లేచిపోతాయని ఒక వర్గం నమ్మకం. కింది కొలతలు హద్దులో ఉంటే ముట్టుకోవడమే తప్పని రెండో వర్గం మాట. ఇద్దరి దగ్గరా ఉన్నవి ఎక్కువగా తమ షెడ్డు అనుభవాలే. రెండోది, పడవలోనే చేయాలా, దించాలా? ఇరుకు పడవలో ఆయిలు సంపు కిందికి చెయ్యి పట్టదు. 4-108కు పేరుపడ్డ వెనక సీలు కారుడు ఆపాలన్నా ఇంజనును కదపక తప్పదు. తెరచాప అడ్డకొయ్యకు కప్పీ కట్టి, మెట్లదారి గుండా దాన్ని పైకి లేపుతారు. రెండు సిలిండర్ల యన్మార్ నూరు కిలోల పైచిలుకు, 4-108 రెండు వందలు దాటుతుంది. మనిషికి, పడవకు రెండింటికీ ప్రమాదకరమైన గంట అదే.

వీరి బలహీనత ఏమిటంటే, బోరు చేసినా చుట్టూ ఉన్నవి పాతవే. కూలరు, నీటి పంపు, డీజిల్ పంపు, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు ఒక్కొక్కటే తర్వాతి ఏళ్లలో బిల్లు పంపుతాయి. ఉప్పునీరు లోపల్నుంచి తిన్న బ్లాకుకైతే ఏ బోరింగూ మందు కాదు. బోరు చేసిన గోడ నీటి దారి వైపు నుంచి పలచబడి ఉంటే, కొత్త పిస్టన్ల డబ్బు నీళ్ల పాలే.

రెండో పక్షం: కొత్త డీజిల్ మేలు

వీరి అసలు ఆయుధం కూలి లెక్క. విజయవాడ ఆటోనగర్‌లో ఈ చర్చే పుట్టదు: లారీ ఇంజను ఆయిలు తాగుతోందంటే దించుతారు, బోరు చేస్తారు, ఎక్కిస్తారు. సామాను ఖరీదు కంటే మెకానిక్కు కూలి తక్కువ కాబట్టి బాగుచేయడమే సహజం. పాశ్చాత్య రేవుల్లో లెక్క తలకిందులు. మెకానిక్కు గంటకు తీసుకునేది ఎక్కువ, పాత కంపెనీ సామాను ధర ఇంకా ఎక్కువ. రెండూ కలిపితే కొత్త ఇంజను ధరకు చేరువవుతుంది. పైగా కొత్తదానికి గ్యారంటీ ఉంటుంది. అదే శక్తికి బరువు తక్కువ, శబ్దం తక్కువ, పొగ తక్కువ. సాధారణంగా మంచినీటితో చల్లబడుతుంది. బీటా లాంటి కంపెనీలు అటామిక్-4, పెర్కిన్స్ ఉన్న పాత బెడ్డు మీదే కూర్చునేలా కాళ్లు తయారుచేసి ఇస్తున్నాయి.

మొదటి పక్షం ఎత్తిచూపేది లెక్కలో రాని ఖర్చును. ఇంజను ధరతో పని అయిపోదు. బెడ్డు మార్పు, పొగగొట్టం సైజు, తీగలు, మీటర్ల ప్యానెల్, గేరు నిష్పత్తికి తగ్గ ప్రొపెల్లరు వెంట వస్తాయి. ప్రొపెల్లరు తప్పయితే కొత్త ఇంజను కూడా పూర్తి వేగానికి చేరలేక నల్లపొగ వదులుతూ కాలం తీరకముందే అరుగుతుంది. ప్రొపెల్లరు కాలును పడవ అడుగు గుండా నేరుగా కిందికి దించే సెయిల్‌డ్రైవ్ (1973లో వోల్వో తెచ్చింది) ఉన్న పడవల్లో ఇంకో మెలిక: పడవ అడుగు రంధ్రాన్ని మూసే రబ్బరు డయాఫ్రంను సుమారు ఏడేళ్లకోసారి మార్చమని కంపెనీ చెబుతుంది, అందుకు ఇంజనును జరపాలి. ఏ దారి ఎంచుకున్నా ఈ పనిని దాంతోపాటే ముగించుకోవడం తెలివి.

కొత్త ఇంజన్లన్నీ కంప్యూటరు చెప్పినట్టు నడుస్తాయన్న భయం సగమే నిజం. పెద్ద తరగతుల్లో కంప్యూటరు అదుపులో డీజిలు చిమ్మే కామన్ రైల్ పద్ధతి వచ్చింది. 30 హెచ్‌పీ లోపు పడవ డీజిళ్లు చాలావరకు ఇప్పటికీ పాత పద్ధతి పంపుతోనే నడుస్తున్నాయి.

ఈ రెండు పక్షాల నడుమ ఒక ఇరుకు దారి ఉంది: అదే మోడలు సెకండ్ హ్యాండ్ ఇంజను కొని పెట్టుకోవడం. తక్కువలో పని జరుగుతుంది. నడుస్తుండగా చూడకుండా కొంటే మాత్రం ఒక తెలిసిన రోగాన్నిచ్చి తెలియని రోగాన్ని తెచ్చుకున్నట్టే.

మూడో పక్షం: ఇక కరెంటు మోటారే

పడవ నడవడానికి కావలసిన శక్తి వేగంతో పాటు సూటిగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం సగానికి తగ్గిస్తే శక్తి ఎనిమిదో వంతుకు దిగుతుంది. మెల్లగా పోవడానికి సిద్ధపడితే చిన్న మోటారు, చిన్న బ్యాటరీ చాలు. శబ్దం లేదు, కంపు లేదు, ఆయిలు మార్పు లేదు, చలికాలానికి ముందు చేసే తంతు లేదు. గాలికి పడవ సాగుతుంటే ప్రొపెల్లరు నీటి తాకిడికి తిరిగి కొంత ఛార్జింగూ ఇస్తుంది. జర్మనీలో 2005లో మొదలైన టార్కీడో, ఫిన్లాండుకు చెందిన ఓషన్‌వోల్ట్ ఈ దారిని చాలామందికి పరిచయం చేశాయి.

అడ్డు తగిలేది నిల్వ. లీటరు డీజిలులో దాదాపు 10 కిలోవాట్ అవర్ల శక్తి ఉంది. చిన్న ఇంజను దాన్లో మూడో వంతు వరకే షాఫ్టుకు అందిస్తుందనుకున్నా, లీటరుకు 3 చేతికొస్తాయి. 10 కిలోవాట్ అవర్ల లిథియం బ్యాటరీ దాదాపు 80–100 కిలోలు తూగుతుంది. అంటే ఒక మనిషికి మించిన బరువున్న బ్యాటరీ మూడు, మూడున్నర లీటర్ల డీజిలుతో సమానం. 100 లీటర్ల ట్యాంకు అలవాటైన దూరప్రయాణికుడికి ఈ లెక్క మింగుడుపడదు. రోజూ సాయంత్రానికి అదే రేవుకు చేరి ప్లగ్గు పెట్టుకునేవారికి ఇది అసలు సమస్యే కాదు. రెండు మాటలూ నిజమే. తప్పల్లా ఒకరి లెక్కతో ఇంకొకరిని ఓడించాలనుకోవడంలో ఉంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

- చేతి ఖర్చు: సొంతంగా పని చేసుకునేవారికి బోరింగు చవక. షెడ్డుకు అప్పగిస్తే కొత్త డీజిలుకు దగ్గరవుతుంది. కరెంటులో ఖర్చంతా బ్యాటరీ పరిమాణం మీద.
- దూరం: రెండు డీజిల్ దారులూ సమానం. కరెంటు రేవు చుట్టుపక్కలకు, ఏరుల్లోకి, సరస్సుల్లోకి.
- నడిసముద్రంలో మరమ్మతు: పాత డీజిలుది పైచేయి. కొత్త చిన్న డీజిలు దానికి దగ్గర్లోనే ఉంది. కరెంటు వ్యవస్థలో చెడేవి తక్కువ, చెడితే అక్కడికక్కడ చేయగలిగేదీ తక్కువ.
- విడిభాగాల భరోసా: నేల వంశపు పాత ఇంజన్లకు బాగు, నీటి వంశపు పాతవాటికి మోడలును బట్టి. కొత్తవాటికి ప్రస్తుతానికి చింత లేదు.
- మిగిలే ప్రమాదం: బోరింగుకు దాగిన తుప్పు, కొత్త డీజిలుకు తప్పు ప్రొపెల్లరు, కరెంటుకు తప్పు అంచనా.

ఇంకా తేలనివి

*ఇంధనం.* నేటి డీజిలులో గంధకం చాలా తగ్గింది, పాత సీళ్లు, పంపులు దాన్ని ఎలా తట్టుకుంటాయన్న దానిపై అభిప్రాయాలు వేరు. బయోడీజిలు కలిపిన ఇంధనం నీటిని పీల్చుకుంటుంది, ఏడాదంతా కదలని ట్యాంకులో జిగట పాచి పెరుగుతుంది. నూనెలను హైడ్రోజన్‌తో శుద్ధిచేసిన హెచ్‌వీఓ పాత ఇంజనులో మార్పు లేకుండా కాలుతుందని చాలామంది ఆశ. అది రేవు రేవుకూ అందుబాటు ధరలో వస్తే 'పాతదాన్ని బాగుచేద్దాం' పక్షానికి కొత్త బలం వస్తుంది.

*పర్యావరణ లెక్క.* లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి 100 లీటర్లు కాల్చే పడవది 270 కిలోలు. లిథియం బ్యాటరీ తయారీకి కిలోవాట్ అవర్‌కు 60 నుంచి 100 కిలోలన్న అంచనా తరచూ వినిపిస్తుంది. ఆ లెక్కన 20 కిలోవాట్ అవర్ల బ్యాటరీ నీటిలోకి దిగకముందే సుమారు నాలుగున్నర నుంచి ఏడున్నర ఏళ్ల డీజిలు పొగకు సమానమైన బాకీ తెచ్చుకుంటుంది. కొత్త ఇంజను పోతకూ ఇలాంటి బాకీ ఉంది. తక్కువ వాడేవారికి పాత ఇంజను బాగుచేసుకోవడమే పచ్చని దారి కావచ్చు. కానీ నీటిలో కలిసే ఆయిలు, పొగలోని మసి, రేవులో పీల్చే గాలి ఈ లెక్కలోకి ఎక్కడ వస్తాయో ఇంకా ఒప్పందం కుదరలేదు.

*చేతిపని.* క్రాంకు గ్రైండు చేసే, డీజిల్ పంపు బెంచి మీద సరిచేసే చిన్న వర్క్‌షాపులు సంపన్న దేశాల్లో తగ్గుతున్నాయి. సామాను దొరికినా చేసే చెయ్యి దొరక్కపోతే బోరింగు పక్షం దానంతటదే ఓడిపోతుంది. ఆ చెయ్యి ఇంకా మిగిలిన చోట్లలో మన ఆటోనగర్ల లాంటివి ఉన్నాయి. వాటి అనుభవం ఈ చర్చలోకి ఇప్పటిదాకా రానే లేదు.

తీర్పు

ఏ పక్షమూ అన్ని పడవలకూ చెల్లే మాట చెప్పలేదు. అయినా వాదన పూర్తిగా గాలిలో లేదు. బ్లాకులో మంచినీరు తిరిగి, విడిభాగాలు దొరికి, యజమాని చేతికి పని వస్తే పాత ఇంజను బాగుచేసుకోవడం మంచి నిర్ణయం. దశాబ్దాల పాటు బ్లాకులో ఉప్పునీరు తిరిగినదాన్ని బోరు చేయించడం చాలాసార్లు డబ్బు దండగ. దూరం పోయేవారు కొత్త డీజిలుకు మారడం సబబు. సాయంత్రానికి ఇల్లు చేరేవారు కరెంటు గురించి గట్టిగా ఆలోచించాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని అందరికీ ఒక్కటే. మోచేతి గొట్టం విప్పి చూడండి, ఫిల్టర్లు మార్చి ఎయిర్ తీయండి, పడవ అడుగు గీకి ప్రొపెల్లరు చూడండి, ఆ తర్వాత కంప్రెషన్ కొలవండి. 'పోయిన' ఇంజన్లలో కొన్ని ఇక్కడే లేచి కూర్చుంటాయి. లేవని పక్షంలో కూడా ఏ దారి పట్టాలో ఆ కొలతలే చెబుతాయి. చివర్లో ఒక జాగ్రత్త: కొత్తదైనా పాతదైనా, ఒడ్డున షాఫ్టుకు ఎంత సూటిగా బిగించినా, పడవ నీటిలో దిగాక దాని ఒళ్లు కొద్దిగా సర్దుకుంటుంది. నీటిలో మరోసారి ఆ వరస సరిచూసుకోవాలి. ఇక, ఎందుకు చెడిందో తెలుసుకోకుండా బోరు చేయించిన ఇంజను అదే కారణంతో మళ్లీ దిగుతుంది.